బ్లాక్‌లోంచి టిష్యూ ఊడిపోతోందా? వ్యాక్స్ కంటే ముందు ఆల్కహాల్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ల్యాబ్‌లో గర్భసంచి, రొమ్ము, థైరాయిడ్ లాంటి పెద్ద ముక్కల బ్లాకులు (వ్యాక్స్‌లో పొదిగిన టిష్యూ దిమ్మలు) మధ్యలో మెత్తగా ఉండి, సెక్షన్ (స్లైడ్ కోసం పలుచటి పొర) తీస్తుంటే టిష్యూ ఊడి వచ్చేస్తోంది. అదే రాత్రి అదే ప్రాసెసర్‌లో (టిష్యూని ఆల్కహాల్, జైలీన్, వ్యాక్స్ జాడీల్లో వరసగా ముంచే యంత్రం) నడిచిన ఎండోస్కోపీ బయాప్సీలు మాత్రం ఎండిపోయి, బ్లేడ్ తగలగానే పొడిగా రాలుతున్నాయి. ఒకరు వ్యాక్స్‌లో ఉంచే టైమ్ పెంచమన్నారు, ఇంకొకరు వ్యాక్స్ బ్రాండే మార్చమన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. దాంతోపాటు ఎంబెడ్డింగ్‌లో (ముక్కను మౌల్డ్ అనే అచ్చులో పెట్టి వ్యాక్స్ పోయడం) ఓరియంటేషన్ (ముక్క ఏ ముఖం ఎటు ఉండాలన్నది) గురించి, పాడైన బ్లాకుల్ని బాగుచేయడం గురించి, వాడిన వ్యాక్స్ గురించి కూడా అడిగారు.

ఆ ఇద్దరి మాటా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మెత్తటి బ్లాక్ చూడగానే అందరి చూపూ వ్యాక్స్ మీదకే పోతుంది, కంటికి కనిపించేది అదే కాబట్టి. నిజానికి ఆ వ్యాక్స్, అంటే పారఫిన్, చేసే పని చాలా చిన్నది. తన కోసం సిద్ధంగా ఉన్న చోట్లోకి వెళ్ళి గట్టిపడుతుంది, అంతే. ఆ చోటు సిద్ధం చేయాల్సింది ఆల్కహాలూ (నీళ్ళను తీసేది) జైలీనూ (ఆల్కహాల్‌ని తీసేసి వ్యాక్స్‌కి దారి ఇచ్చేది). టిష్యూ లోపల నీళ్ళు మిగిలితే జైలీన్ లోపలికి పోదు, జైలీన్ పోని చోటికి వ్యాక్స్ పోదు. తడి ఆరని గోడకు ఎంత మంచి రంగు వేసినా పెచ్చులు లేచినట్టే ఇదీ. అలాంటి ముక్కను వ్యాక్స్‌లో రాత్రంతా ఉంచినా మధ్యభాగం అలాగే ఉంటుంది. పైగా చుట్టూ బాగా ప్రాసెస్ అయిన భాగం వేడికి బిరుసెక్కుతుంది. కాబట్టి వ్యాక్స్ టైమ్ పెంచితే మీ మొదటి సమస్య తీరదు, రెండోది ఇంకా ముదురుతుంది.

ఒకే రన్‌లో పెద్దవి మెత్తగా, చిన్నవి పొడిగా రావడమే మీకు దొరికిన అసలు ఆధారం. వ్యాక్సే చెడ్డదైతే రెండూ ఒకేలా పాడవ్వాలి కదా. ఇక్కడ పెద్ద ముక్కలకు టైమ్ చాలలేదు, చిన్నవాటికి ఎక్కువైంది. రెంటినీ కలిపి ఒకే షెడ్యూల్‌లో తోస్తున్నారని మీ ప్రశ్నలోనే ఉంది.

ముందు మందం సంగతి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రాసెసర్ దాకా వచ్చే ముక్క 3 మిల్లీమీటర్లకు మించకూడదు, ఎంత పెద్దదైనా 4. క్యాసెట్ (ముక్కను పెట్టే చిల్లుల ప్లాస్టిక్ డబ్బీ) లోతు సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ‘పట్టింది కదా’ అని 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి మూత నొక్కేస్తారు చాలామంది. మూతకు టిష్యూ ఆనుకుందంటే అది మందంగా ఉన్నట్టే. మూత తీసినప్పుడు టిష్యూ మీద క్యాసెట్ చిల్లుల అచ్చు పడి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ద్రవం లోపలికి ఇంకడానికి పట్టే కాలం మందంతో సమానంగా పెరగదు, దాదాపు మందం వర్గంతో పెరుగుతుంది. అంటే 3 మిల్లీమీటర్లు 5 అయితే టైమ్ రెట్టింపు కంటే ఎక్కువే కావాలి. ఏ షెడ్యూలూ ఆ తేడాను మోయలేదు. గ్రాసింగ్ (స్పెసిమెన్‌లోంచి ముక్కలు కోయడం) చేసేది మీరు కాకపోవచ్చు, పీజీ డాక్టర్‌కో పాథాలజిస్టుకో ‘సార్, ముక్క మందంగా ఉంది’ అని చెప్పడం ఇబ్బందే. మాటల్లో చెప్పలేకపోతే మెత్తగా వచ్చిన బ్లాకుల్లో నాలుగింటిని వాళ్ళ టేబుల్ మీద పెట్టండి. స్లైడ్ లేటవుతోందంటే ఎవరైనా వింటారు.

రెండోది ఫిక్సేషన్, అంటే టిష్యూ పాడవకుండా ఫార్మలిన్‌తో స్థిరపరచడం. న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ మొదట్లో సుమారు గంటకు ఒక మిల్లీమీటర్ చొప్పున లోపలికి పోతుంది, ఆ తర్వాత ఆ వేగం తగ్గుతుంది. అదీగాక లోపలికి చేరడం వేరు, ప్రోటీన్లను పట్టి బంధించడం వేరు. బంధించడానికి ఇంకా చాలా గంటలు పడుతుంది. పెద్ద స్పెసిమెన్ సాయంత్రం వచ్చి, కోయకుండానే డబ్బాలో పడేసి, మర్నాడు ముక్కలు చేసి వెంటనే ప్రాసెసర్‌లో వేస్తే లోపలి భాగం పచ్చిగానే ఉంటుంది. ముక్క కోసి చూడండి: అంచు బూడిద రంగులో గట్టిగా, మధ్య గులాబీ రంగులో జారుగా ఉందంటే ఫార్మలిన్ అక్కడికి చేరలేదన్నమాట. ఆ మధ్యభాగాన్ని తర్వాత ఆల్కహాలే ఫిక్స్ చేస్తుంది. అప్పుడు ఒకే స్లైడ్‌లో అంచున న్యూక్లియస్‌లు ఒకలా, మధ్యలో ఇంకోలా కనిపిస్తాయి. ఫార్మలిన్ పరిమాణం టిష్యూకి కనీసం పది రెట్లు ఉండాలి, ఇరవై రెట్లయితే ఇంకా మంచిది. రొమ్ము టిష్యూకి హార్మోన్ రిసెప్టర్ పరీక్షలు ఉంటాయి కాబట్టి 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఫార్మలిన్‌లో ఉంచాలని ఆస్కో, క్యాప్ (అమెరికాలోని క్యాన్సర్ డాక్టర్ల, పాథాలజిస్టుల సంఘాలు) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పరీక్షల దాకా ఆగక్కర్లేదు, 6 గంటలు నిండని రొమ్ము టిష్యూ మామూలు బ్లాక్‌గా కూడా సరిగా రాదు.

ఇక అసలు అనుమానితుడు, ఆల్కహాల్. మామూలు వరస మీకు తెలుసు: 70 శాతం, తర్వాత 90 లేదా 95, ఆపైన అబ్సల్యూట్ (నీళ్ళు లేని ఆల్కహాల్) మూడు మార్పులు, అంటే మూడు జాడీలు, ఒక్కోదానికి దాదాపు గంట. 70తో మొదలుపెట్టడానికి రెండు కారణాలు. ఒకేసారి గాఢమైన ఆల్కహాల్‌లో వేస్తే నీళ్ళు విసురుగా బయటికి వచ్చి కణాలు నలిగిపోతాయి. ఇంకోటి, ఫార్మలిన్ బఫర్‌లో ఉన్న ఫాస్ఫేట్ లవణాలు గాఢమైన ఆల్కహాల్‌లో కరగవు. అవి స్ఫటికాలుగా విడిపోయి టిష్యూలోనూ ప్రాసెసర్ గొట్టాల్లోనూ పేరుకుంటాయి. వాల్వ్ పట్టేసిందని సర్వీస్ ఇంజినీర్‌ని పిలిచే ముందు మొదటి ఆల్కహాల్ ఎన్నాళ్ళయి మార్చలేదో చూడండి.

ప్రతి బాస్కెట్ తనతోపాటు ముందు జాడీ ద్రవాన్ని కొంత తర్వాతి జాడీలోకి మోస్తుంది. ప్లాస్టిక్ క్యాసెట్ల సందుల్లో, స్పాంజిల్లో, గాజ్‌లో అది చాలానే ఉంటుంది. కాబట్టి వంద క్యాసెట్లు నడిచాక ‘అబ్సల్యూట్’ అని లేబుల్ ఉన్న జాడీలో అబ్సల్యూట్ ఉండదు. లేబుల్‌ని నమ్మకండి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది) ఉంటే ముంచి చూడండి. లేకపోతే నిర్జల కాపర్ సల్ఫేట్ పొడి చిటికెడు ఒక టెస్ట్ ట్యూబ్‌లో వేసి ఆ ఆల్కహాల్ పోయండి. తెల్లటి పొడి నీలంగా మారితే అందులో నీళ్ళున్నాయి. చివరి అబ్సల్యూట్ జాడీతో ఈ పరీక్ష చేస్తే మీ ప్రశ్నకు సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. తేమ ఎక్కువగా ఉండే గదిలో మూత సరిగా లేని జాడీ వాడకపోయినా గాలిలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ద్రవాలు మార్చేటప్పుడు అన్నీ పారబోసి అన్నీ కొత్తవి పోయాల్సిన అవసరం లేదు. మొదటి అబ్సల్యూట్ తీసేసి, రెండోదాన్ని మొదటి స్థానంలోకి, మూడోదాన్ని రెండో స్థానంలోకి జరిపి, చివరి స్థానంలో మాత్రం కొత్తది పోయండి. జైలీన్‌కీ, వ్యాక్స్‌కీ ఇదే పద్ధతి. ఎప్పుడూ ఆఖరి జాడీ శుభ్రంగా ఉండాలి. మార్చే లెక్క ‘వారానికోసారి’ అని పెట్టుకోవద్దు, ఎన్ని క్యాసెట్లు నడిచాయన్న దాని మీద పెట్టుకోండి. కొన్ని వారాలు కేసులు రెట్టింపు ఉంటాయి, క్యాలెండర్‌కి అది తెలియదు.

జైలీన్ దగ్గర చూడాల్సింది పారదర్శకత. క్లియరింగ్ అన్న పేరే అందుకొచ్చింది. బాగా క్లియర్ అయిన ముక్కను లైట్‌కి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు లోపలిదాకా పోయినట్టు కనిపిస్తుంది. మధ్యలో తెల్లటి మచ్చ మిగిలిందంటే అక్కడ నీళ్ళున్నాయి. రక్తం ఎక్కువున్న ముక్కల్లో, పిగ్మెంట్ ఉన్నవాటిలో ఈ పరీక్ష పనికిరాదు. జైలీన్ జాడీయే పాలలా మసకబారితే ఆల్కహాల్‌లోంచి నీళ్ళు అక్కడిదాకా నడిచొచ్చాయని అర్థం. దాన్ని పారేసి ఊరుకోకుండా వెనక ఆల్కహాల్ కూడా మార్చాలి. జైలీన్‌లో ఎక్కువసేపు ఉంచితే టిష్యూ పెళుసెక్కుతుంది కాబట్టి గంట చొప్పున రెండు మూడు మార్పులు చాలు. జైలీన్ బదులు లిమొనీన్ లాంటివో, ఇతర ప్రత్యామ్నాయాలో వాడుతుంటే వాటికి నీళ్ళను భరించే ఓపిక ఇంకా తక్కువ, టైమ్ కాస్త ఎక్కువ కావాలి.

ఇప్పుడు వ్యాక్స్. మీరు వాడే పారఫిన్ ద్రవీభవన స్థానం ప్యాకెట్ మీద ఉంటుంది, చాలావరకు 54–58 లేదా 56–60 డిగ్రీల సెల్సియస్. బాత్ దానికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండాలి, అంటే 60కి అటూ ఇటూ. డిస్‌ప్లే మీద అంకె కాకుండా వ్యాక్స్‌లో థర్మామీటర్ పెట్టి కొలవండి. 65 దాటిందంటే టిష్యూ బిరుసెక్కుతుంది, వ్యాక్స్‌లో కలిపిన ప్లాస్టిక్ పాలిమర్లు కూడా దెబ్బతింటాయి. ఆ పాలిమర్లే సెక్షన్ రిబ్బన్‌గా సాగడానికి, టిష్యూకి ఆసరా ఇవ్వడానికి పనికొచ్చేవి. మూడు మార్పులు ఎందుకంటే మొదటి వ్యాక్స్ జైలీన్‌ని బయటికి లాగుతుంది, రెండోది మిగిలినదాన్ని లాగుతుంది, మూడోదే నిజంగా టిష్యూలో నిలుస్తుంది. మూడో వ్యాక్స్ దగ్గర ముక్కు పెట్టకుండానే జైలీన్ వాసన వస్తుంటే వ్యాక్స్ వంతులు మార్చాల్సిన టైమ్ ఎప్పుడో దాటింది. వ్యాక్స్‌లో జైలీన్ మిగిలితే బ్లాక్ గట్టిపడ్డట్టు కనిపించినా కోస్తుంటే నలుగుతుంది. కొన్నాళ్ళకు టిష్యూ బ్లాక్ ఉపరితలం కంటే లోపలికి కుంగిపోతుంది.

మీ ప్రాసెసర్‌లో వ్యాక్యూమ్ ఉంటే వ్యాక్స్ దశలో దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఊపిరితిత్తి ముక్కల్లో గాలిని, అన్నిటిలోనూ మిగిలిన జైలీన్‌ని అది బయటికి లాగేస్తుంది. వ్యాక్యూమ్ లేని రన్‌లో ఊపిరితిత్తి తేలుతూ ఉండి సగమే వ్యాక్స్ ఎక్కుతుంది. క్యాసెట్లను బాస్కెట్‌లో ఇరికించి పేర్చడం కూడా అంతే చెడ్డది. ద్రవం కదలడానికి సందు లేకపోతే మధ్యలో ఉన్నవాటికి ప్రాసెసింగ్ అందదు. మెత్తగా వచ్చిన క్యాసెట్లు బాస్కెట్‌లో ఏ వరుసలో ఉన్నాయో ఒకసారి గమనించండి.

కొవ్వు ఎక్కువున్న రొమ్ము, లింఫ్ నోడ్ చుట్టూ ఉండే కొవ్వు, లైపోమా (కొవ్వు గడ్డ) లాంటివి వేరే జాతి. ఆల్కహాలూ జైలీనూ కొవ్వును కూడా కరిగించాలి కాబట్టి 2–3 మిల్లీమీటర్ల కంటే మందం పనికిరాదు, టైమ్ మాత్రం ఎక్కువ కావాలి. ఎమర్జెన్సీ కేసని కొవ్వు ముక్కను చిన్న షెడ్యూల్‌లో వేస్తే ఆ రిపోర్టే అన్నిటికంటే లేటవుతుంది. ఎముక సంగతి ఇక్కడ ఎత్తను, డీకాల్సిఫికేషన్ (ఎముకలోని కాల్షియం తీసేయడం) పూర్తికాకుండా ప్రాసెసర్‌లో వేయకూడదన్నది ఒక్కటే చెబుతాను.

బయాప్సీలు పొడిగా రాలడం దీనికి పూర్తిగా ఎదురు. రెండు మూడు మిల్లీమీటర్ల ఎండోస్కోపీ ముక్కకు అబ్సల్యూట్‌లో మూడు గంటలు అంటే శిక్ష వేసినట్టే. ప్రోటీన్లతో కలిసి ఉండే నీళ్ళు కూడా పోయి టిష్యూ గాజులా అవుతుంది. సెక్షన్‌లో సన్నటి అడ్డగీతలు, పగుళ్ళు కనిపిస్తాయి. వీటికి ఒక్కో జాడీలో 15–30 నిమిషాలు చాలు, మొత్తం మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒకే ప్రాసెసర్ ఉంటే పగలు బయాప్సీ రన్, రాత్రి పెద్ద ముక్కల రన్ అని విడదీయండి. అదీ కుదరకపోతే బయాప్సీలను చేత్తో బీకర్లలో ప్రాసెస్ చేయడం పాతకాలం పని అనుకోవద్దు. గోడ గడియారం, వ్యాక్స్ అవెన్, మూతలున్న జాడీలు ఉంటే ఎంచక్కా చేయొచ్చు. సెలవు రోజు వస్తే ప్రాసెసర్‌ని ముందే నడిపి టిష్యూని రెండ్రోజులు వేడి వ్యాక్స్‌లో వదిలేయకండి. డిలే స్టార్ట్ పెట్టి ఆగాల్సిన టైమంతా ఫార్మలిన్‌లోనే గడిపించండి, మీరు వచ్చే టైమ్‌కి వ్యాక్స్ దశ పూర్తయ్యేలా లెక్క వేసుకోండి. మరీ చిన్న బయాప్సీలను ఆల్కహాల్ దశలో కొద్దిగా ఇయోసిన్‌తో (గులాబీ రంగు ద్రవం) రంగు పట్టిస్తే ఎంబెడ్డింగ్‌లో తెల్లటి వ్యాక్స్‌లో మాయమైపోవు. వాటిని స్పాంజి మధ్య పెడితే త్రికోణాకారపు గుంటలు అచ్చు పడతాయి. సన్నటి కాగితంలో మడవడమో, బయాప్సీ సంచి వాడడమో నయం.

ఇక ఎంబెడ్డింగ్. ప్రాసెసింగ్ పాడైతే చాలాసార్లు వెనక్కి వెళ్ళి బాగుచేసుకోవచ్చు. ఓరియంటేషన్ తప్పయి, అది గమనించకుండా ట్రిమ్మింగ్ (బ్లాక్ పైపొర చెక్కేయడం) చేసేస్తే పోయిన టిష్యూ తిరిగి రాదు. అందుకే ల్యాబ్‌లో కుదురుగా పనిచేసే మనిషికి ఈ సీటు ఇవ్వాలని నా అభిప్రాయం. కొత్తగా చేరినవాళ్ళను ‘ఈజీ పని’ అని ముందు ఇక్కడే కూర్చోబెడతారు, అది నాకు ఎప్పుడూ నచ్చదు.

మొదట మనసులో నాటుకోవాల్సింది ఒకటే: మౌల్డ్ అడుగున ఆనిన ముఖమే రేపు మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే యంత్రం) బ్లేడ్‌కి ఎదురయ్యే ముఖం. మీకు స్లైడ్‌లో ఏది కనపడాలో అది కిందికి ఉండాలి. గ్రాసింగ్‌లో కోసిన ముఖాన్ని క్యాసెట్‌లో కిందివైపుకి పెట్టే అలవాటు ఉంటే, అదే ముఖం మౌల్డ్‌లోనూ కిందికి పోవాలి. గాటు పెట్టడం, ఇంక్ పూయడం లాంటి గుర్తులకు ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో అర్థం ఉంటుంది. కొన్నిచోట్ల ఇంక్ ఉన్న వైపు కిందికి, కొన్నిచోట్ల దానికి ఎదురు వైపు. మీ దగ్గర పద్ధతి ఏమిటో పాథాలజిస్టుని అడిగి రాసి గోడకు అంటించండి.

చర్మం ముక్క నిలబడాలి. ఎపిడెర్మిస్ (పైపొర), డెర్మిస్ (దాని కింది పొర), కింద కొవ్వు, మూడూ ఒకే సెక్షన్‌లో వరసగా కనిపించాలి కాబట్టి కోసిన అంచు మీద నిలబెట్టి పెడతాం. పడుకోబెడితే పైపొర మాత్రమే చెక్కినట్టు వస్తుంది, ట్యూమర్ ఎంత లోతుకి పోయిందో చెప్పడం కుదరదు. సిస్ట్ గోడ, పిత్తాశయం గోడ, పేగు గోడ, వీటికీ అదే నియమం. ఫెలోపియన్ ట్యూబ్, వాస్ డిఫరెన్స్ (వీర్యవాహిక), అపెండిక్స్, రక్తనాళం లాంటి గొట్టాలు మౌల్డ్‌లో నిలువుగా నిలబడితేనే గుండ్రటి అడ్డకోత వస్తుంది. వాస్ డిఫరెన్స్ ముక్క పక్కకు పడిపోయి లోపలి రంధ్రం సెక్షన్‌లో కనిపించలేదంటే, ఆపరేషన్‌లో తీసింది అదేనని ధ్రువీకరించడం కూడా కష్టమవుతుంది. టెంపొరల్ ఆర్టరీ (కణత దగ్గరి రక్తనాళం) బయాప్సీని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపితే వాటన్నిటినీ ఒక్కొక్కటిగా నిలబెట్టాలి, ఓపిక పట్టాల్సిందే. దీనికి ఎదురు, సూది బయాప్సీలు: ప్రోస్టేట్, లివర్, కిడ్నీ కోర్లు (సూదితో తీసిన సన్నటి పొడవాటి ముక్కలు) పూర్తిగా పడుకుని, వంకర లేకుండా తిన్నగా, అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒక కోర్ చివర పైకి లేచినా ఆ చివర సెక్షన్‌లోకి వచ్చేలోపు మిగతా కోర్లు అరిగిపోతాయి.

ఒకే క్యాసెట్‌లో చాలా ముక్కలుంటే అన్నిటినీ ఒకే మట్టంలో, ఎపిథీలియం (ఉపరితలాన్ని కప్పే కణాల పొర) ఒకే వైపుకి ఉండేలా వరసగా పెట్టండి. మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేవాళ్ళు ఒకే దిశలో చూసుకుంటూ పోతారు. గట్టి భాగం, చర్మంలో ఎపిడెర్మిస్ లాంటిది, బ్లేడ్‌కి మొదట కాకుండా చివర తగిలేలా ఉంటే సెక్షన్ నలగదు. పొడవాటి ముక్కను కాస్త ఏటవాలుగా పెట్టినా అంతే లాభం.

చేతి వరస ఇలా ఉంటుంది. ముక్కకు సరిపడే వేడి మౌల్డ్ తీసుకుని అడుగున కొద్దిగా వ్యాక్స్ పోయాలి. మౌల్డ్ అంచుకి, టిష్యూకి మధ్య అన్ని వైపులా రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా వ్యాక్స్ ఉండాలి. అంచుకి తగిలిన టిష్యూకి ఆసరా ఉండదు, సెక్షన్ అక్కడే చిరుగుతుంది. వేడి ఫోర్సెప్స్‌తో ముక్క పెట్టి, మౌల్డ్‌ని చల్లటి చోటుకి ఒక్క క్షణం తాకించాలి. అడుగు వ్యాక్స్ తెల్లబడి ముక్కను పట్టుకోగానే ఓరియంటేషన్ సరిచూసి, వెంటనే మిగతా వ్యాక్స్ నింపి, నంబర్ ఉన్న క్యాసెట్ అడుగుభాగాన్ని పైన ఉంచి, దాని పైన మళ్ళీ కాస్త వ్యాక్స్ పోయాలి. ఈ క్షణమే కీలకం. అడుగు పొర పూర్తిగా గట్టిపడేదాకా ఆగితే దాని మీద పోసిన వ్యాక్స్ అతుక్కోదు, టిష్యూ చుట్టూ గీతలా విడిపోతుంది. మీ దగ్గర ఊడిపోతున్న బ్లాకుల్లో కొన్ని ఇందువల్ల కూడా కావచ్చు. ఎలా తెలుస్తుందంటే, ఊడిన టిష్యూ గట్టిగా, నున్నగా ఉండి వ్యాక్స్‌లో గుంట శుభ్రంగా మిగిలితే ఎంబెడ్డింగ్ తప్పు. టిష్యూ మెత్తగా, తడిగా, చెదిరిపోయేలా ఉంటే ప్రాసెసింగ్ తప్పు.

ఫోర్సెప్స్ వ్యాక్స్ కరిగేంత వేడి ఉంటే చాలు. పొగ వచ్చేంత వేడి చేస్తే పట్టుకున్న చోట టిష్యూ కాలిపోతుంది, చిన్న బయాప్సీలో ఆ కాలిన చోటే మొత్తం బయాప్సీ కావచ్చు. కోల్డ్ ప్లేట్ సున్నాకి కొంచెం కింద, మైనస్ 5 డిగ్రీల దగ్గర ఉంటే వ్యాక్స్ త్వరగా, సన్నటి స్ఫటికాలతో గట్టిపడుతుంది, అలాంటిదే బాగా తెగుతుంది. ఇంకా చల్లబరిస్తే బ్లాక్ పగులుతుంది. పూర్తిగా చల్లారకముందే మౌల్డ్‌ని పీకితే టిష్యూ మౌల్డ్‌కే అంటుకుని వస్తుంది. తీశాక క్యాసెట్ పక్కలకు, వెనక అంటిన వ్యాక్స్ గీకేయండి. అది మిగిలితే మైక్రోటోమ్ బిగింపు సరిగా పట్టదు, ఒక సెక్షన్ మందంగా, ఒకటి పలుచగా వస్తాయి. దానికి జనం బ్లేడ్‌ని తిడుతుంటారు.

ఒకసారి ఒకే క్యాసెట్ తెరవండి. క్యాసెట్ నంబర్, గ్రాసింగ్ షీట్‌లో రాసిన ముక్కల సంఖ్య, మీ కంటికి కనిపించిన ముక్కల సంఖ్య, మూడూ కలవాలి. కలవకపోతే ఎంబెడ్ చేయడానికి ముందే మూత, కాగితం, స్పాంజి అన్నీ వెతకండి, షీట్ మీద రాయండి. ప్రతి కేసు తర్వాత ఫోర్సెప్స్ తుడవండి. ఒక కేసు క్యాన్సర్ తునక ఫోర్సెప్స్‌కి అంటుకుని ఇంకో పేషెంట్ బ్లాక్‌లో పడితే ఎంత గొడవవుతుందో వివరించక్కర్లేదు.

ఇప్పుడు మీ దగ్గర పోగుపడిన బ్లాకులు. పొడిగా రాలే బయాప్సీ బ్లాకుల్ని తిరిగి ప్రాసెస్ చేయకండి. పైపొర కొద్దిగా చెక్కి, బ్లాక్ ముఖాన్ని ఐస్ నీళ్ళల్లో కొన్ని నిమిషాలు ఆనించండి. ఉపరితలంలో ఉన్న టిష్యూ కొద్దిగా తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, ఆ తర్వాత కొన్ని సెక్షన్లు మెల్లగా తిప్పుతూ తీయండి. ఎక్కువసేపు నానబెడితే టిష్యూ ఉబ్బి బయటికి పొంగుతుంది, అది ఇంకో నష్టం.

మెత్తటి పెద్ద బ్లాకుల్లో అసలు ఏం మిగిలిందో చూసి వెనక్కి ఎంత దూరం వెళ్ళాలో తేల్చుకోండి. జైలీన్ వాసన మాత్రమే వస్తూ టిష్యూ పారదర్శకంగా ఉంటే, కరిగించి కొత్త వ్యాక్స్‌లో వ్యాక్యూమ్‌తో ఇంకో గంట రెండు గంటలు ఉంచితే చాలు. మధ్యలో తెల్లగా మసగ్గా ఉంటే నీళ్ళున్నట్టు. బ్లాక్ కరిగించి, వ్యాక్స్ కారనిచ్చి, జైలీన్ రెండు మార్పులు, ఆ తర్వాత తాజా అబ్సల్యూట్ రెండు మూడు మార్పులు ఇచ్చి, మళ్ళీ ముందుకి జైలీన్, వ్యాక్స్ దాకా నడిపించాలి. మందంగా ఉంటే అబ్సల్యూట్‌లో ఉన్నప్పుడే డాక్టర్‌ని అడిగి సగానికి కోయించండి. మధ్యలో గులాబీ రంగు, పచ్చి వాసన ఉంటే ఇంకా వెనక్కి, ఆల్కహాల్ శాతం తగ్గించుకుంటూ ఫార్మలిన్ దాకా వెళ్ళి మళ్ళీ మొదటినుంచి రావాలి. రీప్రాసెస్ చేసిన ప్రతి బ్లాక్‌నీ రిజిస్టర్‌లో రాయండి, రేపు ఇమ్యూనో స్టెయిన్ (యాంటీబాడీలతో వేసే రంగు) తేడాగా వస్తే కారణం వెతుక్కునేవాళ్ళకు అది కావాలి. అన్నిటికంటే ముందు, ఉన్న టిష్యూలో స్లైడ్‌కి పనికొచ్చేది ఏమైనా దొరుకుతుందేమో పాథాలజిస్టుని అడగండి. అంచు భాగంలోనే డయాగ్నోసిస్ వచ్చేస్తే ఈ శ్రమంతా అక్కర్లేదు. గ్రాసింగ్ డబ్బాలో టిష్యూ మిగిలి ఉంటే కొత్త ముక్క తీయించడమే అన్నిటికంటే సులువు.

చివరగా వాడిన వ్యాక్స్ గురించి. ప్రాసెసర్ నుంచి తీసిన వ్యాక్స్‌ని వడకట్టి ఎంబెడ్డింగ్ ట్యాంకులో పోయడం చాలాచోట్ల నడుస్తుంది, మీరు మాత్రం చేయకండి. వడకడితే దుమ్ము, తునకలు పోతాయి కానీ కరిగిన జైలీన్ పోదు. ఆ బ్లాకులు మెత్తబడతాయి, దాని ముందు కూర్చున్న మీరు రోజంతా జైలీన్ ఆవిరి పీలుస్తారు. ఎంబెడ్డింగ్ ట్యాంకులో మిగిలిన శుభ్రమైన వ్యాక్స్‌ని, మౌల్డ్‌ల మీద ఒలికిన తెల్లటి వ్యాక్స్‌ని కావాలంటే ప్రాసెసర్ మొదటి వ్యాక్స్ స్థానంలో వాడుకోవచ్చు. అది కూడా వడకట్టాకే, టిష్యూ తునకలు దాంట్లో లేవని చూసుకున్నాకే.